తుక్కు బేలు - ముందుచూపు

(సంఘ సభయందు చేయబడిన ప్రసంగము యొక్క పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై తుక్కు ఇనుమును గూర్చియు, చిత్తుకాగితములను గూర్చియు ప్రసంగమేమి యని కొందరు ఆశ్చర్యపడవచ్చును. అయినను ఢిల్లీలో ఉద్యోగరీత్యా నివసించు కుటుంబములకు ఆదివారము ఉదయమున వీధిలో వినవచ్చు కబాడీవాని కేక పరిచితమైనదే. పాత వార్తాపత్రికలు, ఖాళీ డబ్బాలు, విరిగిన కుర్చీ అతని బండి నెక్కును. కాటా తూగును. కొద్ది రూపాయలు చేతికి వచ్చును. తలుపు మూతపడును. ఆ పిమ్మట ఆ వస్తువునకు ఏమి జరుగునో విచారించువారు అరుదు. కార్యాలయములందును ఇదే రీతి. పాత ఫైళ్ళు, చెడిన పంకాలు, తుప్పుపట్టిన బీరువాలు ఒక గదిలో పేరుకొనును. ఒకనాడు వానిని నిరుపయోగ వస్తువులుగా నిర్ణయించి, వేలమువేసి, రసీదు పుచ్చుకొని, గది ఊడ్పించుటతో పని ముగిసినదని భావించుట పరిపాటి. ఆ గది దాటిన పిమ్మట ఆ వస్తువులు ఎక్కడికి పోవును, ఎవరి చేతులమీదుగా పోవును, అందులో సంతకము చేసిన ఉద్యోగి బాధ్యత ఎంతవరకు నిలుచును అనునవి ఈనాటి ప్రసంగమునకు విషయములు.

బేలు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. గుంటూరు, ఆదోని ప్రాంతముల జిన్నింగు మిల్లులను ఎరిగినవారికి పత్తి బేలు చిరపరిచితము. గింజ తీసిన దూది గదినిండ గుట్టలుగా పడియుండును. అదియే ప్రెస్సులో పడి, బద్దలతో బిగింపబడి, 170 కిలోల చొప్పున పెట్టెవలె వెలువడును. లారీలో చక్కగా పేర్చవచ్చును, లెక్కింపవచ్చును, దూరదేశములకు పంపవచ్చును. కాని ఇందులో ఒక చిక్కు కలదు. బిగించిన బేలులోపల ఏమున్నదో కొనువానికి కనబడదు. పందొమ్మిదవ శతాబ్దమున బొంబాయి రేవునుండి ఇంగ్లండునకు పోవు పత్తిలో మట్టియు, గింజలును, నాసి దూదియు కలిపి బిగించు మోసములు పెరిగినందున, వానిని అరికట్టుటకు 1863లో బొంబాయిలో ప్రత్యేకముగా ఒక చట్టమునే చేయవలసివచ్చెను. 1925లో వచ్చిన పత్తి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టము ప్రతి బేలుపైనను ఫ్యాక్టరీ గుర్తును, వరుససంఖ్యను వేయవలెనని విధించెను. లోపలి సరకునకు బిగించినవాడే జవాబుదారి యని దాని తాత్పర్యము. పత్తి విషయమున నూరేండ్లకు పూర్వమే గుర్తింపబడిన ఈ సూత్రము తుక్కు విషయమున అంతకంటె ముఖ్యమైనది. ఏలయన పత్తి బేలులో దాగినది మోసము మాత్రమే. తుక్కు బేలులో దాగునది ప్రాణాపాయము కూడ కావచ్చును.

మొదట బిగించుట యెందులకో తెలిసికొనవలెను. గట్టి ఉక్కు ఒక ఘనమీటరు సుమారు 7,850 కిలోలు తూగును. అదే ఉక్కు పలుచని రేకుల ముక్కలుగా, డబ్బాలుగా, తీగలుగా గుట్టపడియున్నప్పుడు ఘనమీటరునకు అందులో పదవవంతు కూడ తూగకపోవచ్చును. తక్కినది వట్టి గాలి. లారీ నిండును గాని బరువు నిండదు; యజమాని గాలికి బాడుగ చెల్లించినట్లగును. చిత్తుకాగితముల సంగతియు అట్టిదే. కొలిమిలో వేయునప్పుడును ఇదే బాధ. పలుచని రేకులు విడివిడిగా వేసినచో కరగక ముందే గాలి తగిలి కొంత మండి త్రుప్పుగా మారి నష్టమగును. ముద్దగా బిగించి వేసినచో కొలిమి త్వరగా నిండును, నష్టము తగ్గును. కావుననే తుక్కు వర్తకమున బేలింగు ప్రెస్సునకు అంతటి ప్రాధాన్యము.

ఈ ప్రెస్సు వెనుకనున్న శాస్త్రము సులభమైనది. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకును సమానముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రమును ఆధారముగా గొని, తాళములు చేయుటలో ప్రసిద్ధుడైన జోసెఫ్ బ్రామా 1795లో ఇంగ్లండున హైడ్రాలిక్ ప్రెస్సునకు పేటెంటు పొందెను. చిన్న గొట్టములోని ముషలమును ఒక కిలో బలముతో నొక్కినచో, దానికి నూరురెట్లు వైశాల్యముగల పెద్ద ముషలము నూరు కిలోల బలముతో కదలును. అయితే చిన్నది నూరు అంగుళములు నడచినగాని పెద్దది ఒక అంగుళము నడవదు. బలము హెచ్చినకొలది వేగము తగ్గును. నేటి ప్రెస్సులలో చేతికి మారుగా విద్యుత్తుతో నడచు పంపు నూనెను నెట్టును. లోహపు తుక్కును బిగించు పెద్ద ప్రెస్సులలో పెట్టెవంటి గుంటలో సరకు వేసినపిమ్మట, మొదట పైమూత దిగును. తరువాత ఒక ప్రక్కనుండి ఒక ముషలము, మరియొక ప్రక్కనుండి ఇంకొక ముషలము వచ్చి నలుపును. కొన్ని నిమిషములలో డబ్బాలు, రేకులు, తీగలు అన్నియు కలిసి చదరపు దిమ్మెగా బయటపడును. కాగితపు ప్రెస్సులో ముషలము ఒక ప్రక్కనుండి నొక్కును. బిగిసిన కట్టను ఇనుప తీగలతో కట్టుదురు.

పోత ఇనుమును మాత్రము ఇట్లు నలుపరాదు. అది వంగదు, పగులును. దానిని పెద్ద బరువులు పైనుండి పడవేసి ముక్కలు చేయుదురు. లేతు యంత్రములనుండి రాలు ఇనుప పొట్టును నూనె వార్చి ఇటుకలుగా అచ్చొత్తుదురు. ఏ లోహమునకు ఏ పద్ధతియో తెలిసికొనుటయే ఈ వృత్తిలో మొదటి పాఠము.

ఢిల్లీలో ఈ వర్తకమునకు కేంద్రము నగరపు పడమటి భాగముననున్న మాయాపురి. పూర్వము పహాడ్‌గంజి సమీపమున మోతియాఖానులో నుండిన పాత ఇనుప వర్తకులు 1970 దశకమున ఇక్కడికి తరలిరి. మోటారు బండ్ల ఇంజనులు, రైల్వే సామగ్రి, కర్మాగారముల పాత యంత్రములు, కార్యాలయముల వేలపు సరకులు ఇక్కడికి చేరి, విడదీయబడి, జాతులవారీగా తిరిగి బయలుదేరును. ఇక్కడి ఇనుము పంజాబులోని మండీ గోవింద్‌గఢ్ వంటి చోట్ల ఇండక్షన్ కొలుములకు పోవును. ఇత్తడి మొరాదాబాదు పోతపనివారికి పోవును. చిత్తుకాగితములకు ప్రధాన గమ్యస్థానములలో ఒకటి ముజఫర్‌నగరు. ఆ జిల్లా 2015లో జాతీయ రాజధాని ప్రాంతమున చేర్చబడినది. చెరకు పిప్పితోను, చిత్తుకాగితముతోను నడచు కాగితపు మిల్లులు అక్కడ అనేకము కలవు. ఢిల్లీలోని ఒక మంత్రిత్వశాఖలో పదేండ్లు బల్లపై తిరిగిన నోటు ఫైలు, అక్కడ గుజ్జుగా మారి, అట్టపెట్టెయై మరల ఢిల్లీ దుకాణములకే రాగలదు.

ఈ ప్రయాణమంతటిలోను నిజమైన విలువ పుట్టునది ప్రెస్సులో కాదు, ప్రెస్సునకు ముందు నేలపై కూర్చుండి సరకు ఏరువారి చేతులలో. దీనిని కొంచెము వివరింపవలసియున్నది.

ఉక్కు కరగించువారికి రాగి ప్రబల శత్రువు. కరగిన ఇనుములోనికి గాలిని గాని ప్రాణవాయువును గాని పంపి మాలిన్యములను కాల్చి తొలగింపవచ్చును. కాని రాగికంటె ఇనుమే ముందుగా కాలును. కావున ఒకసారి ఉక్కులో కలిసిన రాగి అందులోనే నిలిచిపోవును. అట్టి ఉక్కును ఎర్రగా కాల్చి సాగదీయునప్పుడు ఉపరితలము చిట్లును. ఒక మోటారు చుట్టను విప్పక ఇనుప బేలులో వేసి బిగించినచో, పది రూపాయల రాగి పోవుటయేగాక, కొలిమినిండ ఉక్కునకు దోషము తగులును. ఇండక్షన్ కొలిమి కరగించును గాని అంతగా శుద్ధి చేయజాలదు, వేసినదే వచ్చును. అందువలన మాయాపురిలో ఏరువాడు అయస్కాంతముతో పరీక్షించును. ఆకురాయితో గీచి లోపలి రంగు చూచును. సానరాయిపై ఒరసి ఎగయు నిప్పురవ్వల తీరునుబట్టి ఏ జాతి ఉక్కో చెప్పును. వంటపాత్రలకు వాడు స్టెయిన్‌లెస్ ఉక్కు చాలవరకు అయస్కాంతమునకు అంటదు. ఇత్తడి, రాగి, సీసము, అల్యూమినియము ఒక్కొక్కటి ఒక్కొక్క గుట్ట. పాత అల్యూమినియమును కరగించుటకు, ఖనిజమునుండి క్రొత్తగా తీయుటకు కావలసిన శక్తిలో ఇంచుమించు ఇరువదవ వంతు చాలును. కావున ఆ గుట్టలు వేరుగా నిలుచుట వర్తకునికే కాదు, దేశమునకును లాభము. భారత ప్రభుత్వము 2019 నవంబరులో ప్రకటించిన ఉక్కు తుక్కు పునర్వినియోగ విధానమున, ఒక టన్ను తుక్కు వాడినచో సుమారు 1.1 టన్ను ఇనుప ఖనిజమును, 630 కిలోల కోకింగు బొగ్గును ఆదా యగునని పేర్కొనబడినది.

బేలులో దాగు మరి రెండు శత్రువులు తేమయు, మూసియున్న పాత్రలును. నీరు నిలిచిన డబ్బా బేలుమధ్య చిక్కుకొని కరగిన ఉక్కులో పడినచో, ఆ నీరు క్షణములో ఆవిరియై, ద్రవలోహమును పైకి చిమ్మును. గ్యాసు మిగిలిన సీసాయు అట్టిదే. కొలిమి దగ్గర నిలిచిన కార్మికుడు ఆ బేలును బిగించినవానిని ఎరుగడు. బిగించినవాడు దానిని అమ్మినవానిని ఎరుగడు. తప్పు ఒకచోట, దండన మరియొకచోట. బేలు బిగియునంతవరకు పొరపాటు దిద్దుకొనవచ్చును. బిగిసిన పిమ్మట అది ఎవరి పొరపాటో కూడ తెలియదు.

ఇది ఊహ కాదనుటకు రాజధాని ప్రాంతమున జరిగిన రెండు ఘటనలే సాక్ష్యము.

2004 సెప్టెంబరు చివర ఘజియాబాదు జిల్లా సాహిబాబాదులోని ఒక ఉక్కు కర్మాగారమున విదేశమునుండి దిగుమతియైన తుక్కులో ప్రేలని యుద్ధపు గుండ్లు ఉండి ప్రేలెను. పదిమంది కార్మికులు మరణించిరి. ఎక్కడనో జరిగిన యుద్ధపు శేషము, ఓడలపై వచ్చి, ఆ యుద్ధమును గూర్చి ఏమియు నెరుగని కూలీలను చంపెను. ఆ పిమ్మట దిగుమతి తుక్కుకు తనిఖీ నిబంధనలు బిగింపబడినవి.

రెండవది ప్రభుత్వోద్యోగులు మరింత శ్రద్ధతో వినదగినది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగమున 1970 ప్రాంతమున కెనడానుండి తెప్పించిన గామాసెల్ అను పరిశోధన యంత్రము ఒకటి యుండెను. దాని గర్భమున కోబాల్ట్-60 అను రేడియోధార్మిక పదార్థము, దాని చుట్టును దళసరి సీసపు కవచము. 1985 తరువాత దానిని ఎవరును వాడలేదు. పాతికేండ్లు అది గదిలో మూలపడియుండెను. తెచ్చినవారు వెడలిపోయిరి, దానిని గూర్చిన జ్ఞాపకము కూడ వారితోనే పోయినది. 2010 ఫిబ్రవరిలో ఇతర నిరుపయోగ సామగ్రితోపాటు అది వేలమున అమ్ముడుపోయెను. మాయాపురి చేరిన పిమ్మట పనివారు దానిని సామాన్య యంత్రమువలెనే విడదీసిరి. సీసము బరువైనది, విలువైనది, కవచము విప్పిరి. లోపలి లోహపు ముక్కలు మెరయుచు చేతులు మారినవి. ఏప్రిలులో పలువురికి చర్మము కమలి, జుట్టు రాలి, ఎనిమిదిమంది ఆసుపత్రుల పాలైరి. ఆ నెల చివర ఒకరు మరణించిరి. అణుశక్తి శాఖవారు వచ్చి మాయాపురి దుకాణములలో వెదకి ఆ పదార్థమును ఏరి తీసికొనిపోయిరి. అంతర్జాతీయ అణుఘటనల కొలమానమున ఇది 4వ స్థాయి ప్రమాదముగా లెక్కింపబడినది.

కోబాల్ట్-60 శక్తి ప్రతి 5.27 సంవత్సరములకును సగమగును. లెక్కవేసి చూచినచో, 1985లో యంత్రము పని మానిననాటికి ఉన్న శక్తిలో 2010 నాటికి ఇంచుమించు ఇరువదియేడవ వంతు మాత్రమే మిగిలియుండును. ఆ మిగిలిన భాగమే ఒక ప్రాణము తీయుటకు చాలినది. కాలము గడచినచో వస్తువు దానంతట అదే నిరపాయకరమగునను నమ్మకము ఎంత వట్టిదో ఈ ఒక్క లెక్క చాటుచున్నది. ఇక్కడ లోపించినది యంత్రము కాదు, ధనము కాదు. ఆ వస్తువు ఏమిటో తెలుపు ఒక వ్రాత, ఆ వ్రాతను చదువు ఒక కన్ను, ఈ రెండును లోపించినవి. ఈ ఘటన పిమ్మట రేవులయందు రేడియోధార్మికతను కనిపెట్టు యంత్రముల ఏర్పాటుపై శ్రద్ధ పెరిగినది. అది అవసరమే. కాని ఢిల్లీలోని గదినుండి ఢిల్లీలోని వీధికి పోయిన సరకు ఏ రేవును దాటలేదని మరువరాదు. అక్కడ కావలియుండవలసినది స్టాకు రిజిస్టరు ఒక్కటే.

ఇక కాగితముల సంగతి. అచ్చువేసిన కాగితమునుండి సిరా కడిగి మరల కాగితము చేయవచ్చునని 1774లో జర్మనీయందు వ్రాసి ప్రకటించిన యుస్టుస్ క్లాప్రోట్ న్యాయశాస్త్రవేత్త. దస్తావేజుల మధ్య జీవించినవానికే ఆ ఆలోచన తట్టుట ఉచితముగనే యున్నది. 1800 ప్రాంతమున ఇంగ్లండులో మథియాస్ కూప్స్ చిత్తుకాగితముతో కాగితము చేయుటకు పేటెంట్లు పొందెను. నేటి మిల్లులలో బేలును విప్పి పెద్ద తొట్టిలో నీటితో గిలకొట్టుదురు. కాగితము నారపోగులుగా విడిపోవును. గుండుసూదులు, తీగలు, ప్లాస్టిక్ ముక్కలు జల్లెడలలో నిలుచును. తెల్లకాగితము కావలసినచో గుజ్జులోనికి గాలిబుడగలు పంపి, వానికి అంటిన సిరాను నురుగుగా తీసివేయుదురు. ఇట్లు చేసినప్రతిసారియు నారపోగు కురుచయగును. అయిదారు పర్యాయములకుమించి ఒకే నార పనికిరాదు.

కావున కార్యాలయపు చిత్తుకాగితమున ఏమేమి కలిసియున్నవో మిల్లునకు ముఖ్యము. మైనము పూసిన కాగితము, ప్లాస్టిక్ పొర అంటించిన అట్ట, కార్బను కాగితము, జిగురు బిళ్ళలు గుజ్జును చెరచును. తడిసిన కాగితము కాటాపై బరువు చూపును గాని బేలులో బూజుపట్టును. రహస్య పత్రములను సన్నని దారములుగా కత్తిరించుట మంచిదే యని పలువురు తలతురు. కాని అట్లు కత్తిరించినప్పుడు నారపోగులు తెగి మిల్లునకు విలువ తగ్గును. నిజముగా రహస్యమైనవానిని మాత్రమే కత్తిరించి, తక్కినవానిని విడిగా నుంచుట తగినది.

కాగితముల విషయమున మరియొక అపాయము కలదు. లోహమునందు పోకూడనిది లోపలికి వచ్చుటవలన హాని. కాగితమునందు ఉండవలసినది బయటికి పోవుటవలన హాని. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము ఈ సంగతిని గుర్తించినది. ఆ చట్టము ననుసరించి 1892కు పూర్వపు ప్రభుత్వ పత్రములను, చినిగి ఏవిధముగను ఉపయోగపడవని జాతీయ ప్రాచీన పత్రాగారపు అధికారి అభిప్రాయపడినగాని, నాశనము చేయరాదు. 1997 నాటి నియమముల ప్రకారము ఇరువదియైదేండ్లు దాటిన పత్రమును పరిశీలన జరుపక నాశనము చేయరాదు. ఉల్లంఘించినవారికి అయిదేండ్లవరకు కారాగారమును గాని, పదివేల రూపాయలవరకు జరిమానాను గాని, రెంటిని గాని విధింపవచ్చును. కలకత్తాలో 1891లో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటుగా నెలకొని, అటుపిమ్మట ఢిల్లీకి తరలి, 1926లో పూర్తియైన జనపథ్ భవనమున నిలిచిన జాతీయ ప్రాచీన పత్రాగారమునందు నేడు చరిత్రకారులు తెరచి చూచు పత్రములన్నియు ఒకప్పుడు ఏదో గుమాస్తా ఇది ఉంచదగినది అని ప్రక్కకు తీసిపెట్టినవే. వానిని తూకమునకు వేసినచో ఎన్ని రూపాయలు వచ్చియుండునో సులభముగా లెక్కింపవచ్చును. ఎంత పోయియుండునో ఎవరును లెక్కింపజాలరు.

చరిత్ర వరకు పోనక్కరలేదు. ఒక సేవాపుస్తకము పొరపాటున చిత్తుకాగితముల మూటలో పడినచో, అది అర్ధకిలో కాగితము. దానిపై ఆధారపడిన కుటుంబమునకు అది పింఛను. ప్రెస్సునకు ఆ రెంటికి భేదము తెలియదు.

2021 అక్టోబరు 2నుండి 31వరకు కేంద్ర ప్రభుత్వ కార్యాలయములన్నింటను పెండింగు విషయముల పరిష్కారమునకును, పరిశుభ్రతకును ప్రత్యేక ఉద్యమము జరిగినది. ఆ యేడు తుక్కు అమ్మకమువలన 62 కోట్ల రూపాయలు వచ్చినవి. ఏటేట అక్టోబరులో జరుగుచు వచ్చిన ఆ కార్యక్రమమువలన 2024 వరకు చేరిన మొత్తము 2,300 కోట్ల రూపాయలు దాటినది. వరండాలు ఖాళీయైనవి, గదులు వెలుగు చూచినవి. ఇది ప్రశంసార్హమైన కార్యము. అయినను తేదీ గడువుతో జరుగు పనిలో తొందర సహజము. గది ఎంత ఖాళీయైనదో కొలుచుట సులభము. ఖాళీచేయుటకు ముందు ఎంత జాగ్రత్తగా చూచిరో కొలుచుట కష్టము. సులభముగా కొలువదగినది కష్టముగా కొలువదగినదానిని కప్పివేయకుండ చూచుకొనుట రికార్డు గది ఉద్యోగుల ధర్మము.

ఈ ధర్మమునకు సాధనములు లేకపోలేదు. ప్రభుత్వ వస్తువులను ఏటికొకసారి భౌతికముగా తనిఖీ చేయవలెననియు, నిరుపయోగమని నిర్ణయించునప్పుడు కారణములు వ్రాతమూలకముగా నుంచవలెననియు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి చెప్పుచున్నది. వేలములకు 1964లో స్థాపింపబడిన లోహపు తుక్కు వర్తక సంస్థ, నేడు ఎమ్.ఎస్.టి.సి. అను పేరున, వ్యవస్థను సమకూర్చుచున్నది. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు పాత కంప్యూటర్ల వంటివానిని నమోదైన సంస్థలకే ఇవ్వవలెనని విధించినవి. అదే దినమునుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను పొడిగింపు నిలిచిపోయినది. గ్రేటర్ నోయిడాలో 2018లోను, నోయిడాలో 2021లోను నెలకొనిన వాహనముల విచ్ఛేదన కేంద్రములలో మొదట ఇంధనమును, నూనెను, బ్యాటరీని, చల్లదనపు వాయువును తీసివేసి, టైర్లను, సీట్లను విడదీసి, చిట్టచివరకే మిగిలిన దేహమును ప్రెస్సునకు పంపుదురు. మాయాపురి నేలపై ఏరువాడు అనుభవముతో నేర్చినదే ఇక్కడ క్రమపద్ధతిగా మారినది. క్రమము ఒక్కటే: ముందు చూపు, తరువాత ఏరుట, అన్నింటికిని చివర బిగించుట.

ఏరని వస్తువులకు ఢిల్లీలో మరియొక గతి కలదు. 1984లో ఆరంభమైన ఘాజీపూర్ చెత్తకుప్ప పెరిగి పెరిగి కొండయై, 2017 సెప్టెంబరు 1న విరిగిపడి ఇద్దరిని బలిగొనెను. కలిసిపోయిన చెత్త ఎవరికిని పనికిరాక కొండగా పెరుగును. విడదీసిన చెత్త సరకుగా మారి ఊరు దాటిపోవును.

ఈ విడదీయు పని చేయువారిలో చాలమందికి నెలజీతము లేదు, చేతికి తొడుగు లేదు, కొన్నిచోట్ల ముక్కునకు గుడ్డయు లేదు. ప్రెస్సు నోట చేయి పడకుండ కంచె వేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టముననే వ్రాయబడినది. కాని వీధిలో నడచు చిన్న ప్రెస్సుకడకు ఇన్‌స్పెక్టరు వచ్చుట అరుదు. బిగిసిన సరకును ఇంకను లోపలికి నెట్టుటకు చేయి చాపినవానికి ముషలము ఆగునని నమ్మకము లేదు. కార్యాలయమునుండి వెడలు సరకులో ఏమున్నదో స్పష్టముగా వ్రాసి పంపుట వారికి చేయదగిన కనీసపు మేలు. గ్యాసు ఉన్నదా, పాదరసము ఉన్నదా, బ్యాటరీ ఉన్నదా, ప్రయోగశాలనుండి వచ్చినదా అను నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయుటకు అరగంట పట్టదు. ఆ వస్తువును వాడిన ఉద్యోగి పదవీవిరమణ చేయకముందే దాని చరిత్రను రిజిస్టరున వ్రాయించుట ఇంకను మేలు. మాయాపురి ఉదంతమున పోయినది ఆ జ్ఞాపకమే.

పూర్వపు తెలుగు ఇండ్లలో పాత చీరను బొంతగా, పాత ఇత్తడిని క్రొత్త చెంబుగా మార్చుకొనువారు. కంచరివానికి పాత పాత్ర ఇచ్చునప్పుడు ఇల్లాలు దానిని తోమి, లోపల చూచి, తూకము వేయించి, మరీ ఇచ్చెడిది. నేటి ప్రెస్సు వేయిరెట్లు బలమైనది, కొలుములు దూరమైనవి, చేతులు పెక్కైనవి. ఇల్లాలు చూచిన ఆ చూపు మాత్రము యంత్రమునకు అబ్బలేదు. అది ఇంకను మనుష్యుని యొద్దనే, ముఖ్యముగా సంతకము చేయువాని యొద్దనే యున్నది. ఈ సభలో పలువురు ఏదో ఒకనాడు అట్టి కాగితముపై సంతకము చేయవలసినవారే. ఆ సంతకమునకు ముందు ఒకసారి గదిలోనికి వెళ్ళి వస్తువును స్వయముగా చూచినచో, ఎక్కడనో ముజఫర్‌నగరులోనో, మండీ గోవింద్‌గఢ్‌లోనో, మాయాపురి సందులోనో పనిచేయు ఒక అపరిచితుడు ఆనాటి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరును. అతనికి ఆ సంగతి తెలియదు. తెలియనక్కరయు లేదు.